కబురు చెప్పడం ఎవరి డ్యూటీ

ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సింగ్ సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసిన తరువాత, కరోనా పూర్తిగా తగ్గిన మరుసటి ఏడు జూన్ నెలలో, నెల్లూరు నుంచి ముత్తుకూరు వెళ్లే దారిలో ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అదే హోదాలో చేరాను. పోర్టుకు సరుకు మోసే లారీల డ్రైవర్లు, థర్మల్ ప్లాంటు కాంట్రాక్టు కూలీలు, రొయ్యల గుంటల మీద కాపలా ఉండేవాళ్లు, సముద్రం మీదికి పోయేవాళ్లు, వాళ్ల కుటుంబాలు అక్కడికి వచ్చే రోగులు. ప్రమాదాల కేసులు ఎక్కువ. అందువల్ల ఐసీయూ ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు.

ఈ వృత్తి తెలియనివారి కోసం మా వరుసలు చెప్పాలి. రోగి మంచం దగ్గర ఉండి పనిచేసేది స్టాఫ్ నర్సు. ఒక వార్డులోని స్టాఫ్ నర్సులందరి మీద ఇన్‌ఛార్జి సిస్టరు ఉంటుంది. ఇన్‌ఛార్జిల మీద సూపరింటెండెంటు. ఎవరు ఏ వార్డులో, ఏ పూట పనిచెయ్యాలో తేల్చే డ్యూటీ చార్టు సూపరింటెండెంటు సంతకంతోనే వెళ్తుంది. డాక్టర్ల మీద మాకు అధికారం లేదు. వారి పైన ఉండేది మెడికల్ డైరెక్టరు.

నన్ను తీసుకునేటప్పుడు డైరెక్టరు గారు ఒకే పని అప్పగించారు. నర్సులు చేరుతున్నారు, పని నేర్చుకుంటున్నారు, వెళ్లిపోతున్నారు. దాన్ని ఆపాలి. ఎందుకు పోతున్నారో తెలుసా అని అడిగితే, సిబ్బంది వ్యవహారాలు చూసే మేనేజరు మధుసూదన్ గారు రాజీనామాలన్నీ బల్ల మీద పెట్టారు. అన్నిటిలోనూ వ్యక్తిగత కారణాలు అని ఉంది. మొదట రాసినామె ఎవరో గాని, తరువాతివాళ్లంతా అదే మాట ఎత్తి రాసుకున్నారు.

వెళ్లిపోయే మనిషిని ఎందుకు పోతున్నావని అడిగితే మర్యాదకు పనికొచ్చే జవాబే వస్తుందని ప్రభుత్వ సర్వీసులోనే గమనించాను. అందుకని ప్రశ్న మార్చాను. పోవాలని మొదట ఏ రోజు అనిపించింది అని అడిగేదాన్ని. అప్పుడు కారణం బదులు ఒక సంఘటన చెప్తారు. విన్నది ఆ సాయంత్రమే డైరీలో రాసుకోవడం నాకు చదువుకునే రోజుల నుంచి ఉన్న అలవాటు. అక్కడ విన్నవాటిలో ఒకటి చెప్తాను.

మా పనిలో రిలీవరు అని ఒక మాట ఉంది. తరువాతి పూట నర్సు వచ్చి, రోగుల వివరాలన్నీ విని, చార్జి తీసుకుంటేగాని ముందు పూట నర్సు తన చోటు వదలకూడదు. రిలీవరు రాకపోతే రెండో పూట కూడా ఆమే చెయ్యాలి. ఒక అమ్మాయి ఇలా చెప్పింది. "రిలీవరు రాలేదని మళ్లీ ఆపినారు మేడం. బాత్రూంలోకి పోయి తలుపేసుకొని కూచున్నా. రవంతసేపు ఎవురూ పిలవకుండా ఉంటే చాలనిపించింది. అప్పుడే ఎవురో తలుపు గొట్టినారు. ఆ సప్పుడుకి అనుకున్నా, ఇంక పోవాల్సిందేనని."

ఇటువంటి సమస్యకు మందు తెలిసినదే. ప్రతి పూటకు ఒకరిద్దరు నర్సులను ఏ వార్డుకూ వెయ్యకుండా అదనంగా ఉంచాలి. డైరెక్టరు గారిని ఒప్పించి ఆ ఏర్పాటు చేశాను. రాజీనామాలు కొంత తగ్గాయి. సరిగ్గా అప్పుడే ఐసీయూ నుంచి పెంచలమ్మ రాజీనామా వచ్చింది.

పెంచలమ్మది విడవలూరు వైపు వ్యవసాయ కుటుంబం. ముప్పై దాటిన మనిషి. భర్త పోర్టు దగ్గర లారీలు తూచే కాటా మీద పనిచేస్తాడు. ఆ ఆసుపత్రి తెరిచిన కొత్తలోనే చేరి, ఐసీయూలో పని పూర్తిగా తెలిసిన నర్సు అనిపించుకుంది. రిలీవరు రాక రెండు పూటలు చేసిన రోజుల్లో కూడా ఆమె నోట ఫిర్యాదు వినలేదని ఐసీయూ ఇన్‌ఛార్జి విజయకుమారి చెప్పింది. వేరే ఆసుపత్రికి పోతున్నావా అని అడిగాను.

"లేదు మేడం. నర్సు పనే వద్దు. మా ఆడబిడ్డ నెల్లూర్లో జాకెట్లు కుడతాది. ఆమె దగ్గర హుక్కులు కుట్టుకుంటా ఉంటా."

"ఇన్నేళ్ల పని వదిలి హుక్కులు కుడతావా?"

"హుక్కులు కుడితే నన్ను చూసి ఎవురూ లేచి నిలబడరు గదా మేడం."

ఆ మాట నాకు అర్థం కాలేదు. నా మామూలు ప్రశ్న అడిగాను. పోవాలని మొదట ఏ రోజు అనిపించింది?

"మా పిన్నమ్మ కూతురి పెండ్లి రోజు. తలంబ్రాల పళ్లెం నా చేతిలోనే ఉంది. ఎదురుగా ఒకామె కూచోనుంది. నన్ను చూసి లేచి నిలబడింది. ఆమెవురో నాకు తెలీలా. ఆమె మాత్రం నన్ను గుర్తుపట్టింది. ఆమె కొడుకు పోయిన సంగతి ఈడ నేనే చెప్పినానంట. నిలబడి ఒణకతా ఉంది. మా పిన్నమ్మ వచ్చి నా చేతిలో పళ్లెం తీసుకొని, పెంచలా, ఏమీ అనుకోబాకమ్మా, ఆమె మొగపెండ్లివాళ్ల తట్టు మనిషి, రవంతసేపు లోపల కూచో అనింది. పొయ్యి కూచున్నా."

భోజనం పెట్టారా అని అడిగాను.

"పెట్టినారు మేడం. లోపలికే తెచ్చి పెట్టినారు." తరువాత తనే చెప్పింది. "ఆమె లేచినందుకు కాదు. నేను ఆమెను గుర్తుపట్టలా, అదీ నా బాధ. ఎంతమందికి చెప్పినానో నాకే తెలీడంలా."

విషయం ఏమిటంటే, మరణాన్ని నిర్ధారించేది డాక్టరు. ఈసీజీలో గుండె రేఖ చూసి, కళ్లలో లైటు వేసి చూసి, సమయం కేసు షీటులో రాసి సంతకం పెడతారు. అది చట్టం. ఆ తరువాత బయట కూర్చున్నవాళ్లకు ఆ మాట ఎవరు చెప్పాలన్నది చాలా ఆసుపత్రుల్లో ఎక్కడా రాసి ఉండదు. అలవాటును బట్టి జరిగిపోతుంది. ఇక్కడి అలవాటు కరోనా కాలంలో పుట్టింది. అప్పుడు రోగి తాలూకు మనుషులను లోపలికి రానిచ్చేవారు కాదు. రోజూ ఒక నర్సు ఇళ్లకు ఫోన్ చేసి పరిస్థితి చెప్పాలి. నెమ్మదిగా, ఊరి మాటల్లో అర్థమయ్యేటట్టు మాట్లాడుతుందని పెంచలమ్మకు ఆ పని ఇచ్చారు. మంచి కబురూ చెడు కబురూ ఆమే చెప్పేది. ఆ కాలం అయిపోయాక, మంచి కబురు చెప్పడానికి డాక్టర్లు మళ్లీ సంతోషంగా ముందుకు వచ్చారు. చెడు కబురు ఆమెకు మిగిలింది.

ఆమె చెప్తే గొడవలు కావు. ఏడుస్తారు, కాసేపు కూర్చుంటారు, శవాన్ని తీసుకొని పోతారు. ఈ సంగతి మొదట ఐసీయూ వాళ్లకు, తరువాత క్యాజువాలిటీకి, ప్రసూతి వార్డుకు కూడా తెలిసింది. ఎక్కడ ఎవరు పోయినా పెంచల సిస్టర్‌ను పిలవండి అనడం మాట వరసైపోయింది. ఆమె సెలవులో ఉంటే, మరునాడు ఉదయం ఆమె వచ్చేదాకా పరిస్థితి సీరియస్‌గా ఉందని చెప్పి ఆపిన సందర్భం కూడా ఉందని విజయకుమారి తల వంచుకొని చెప్పింది. ఇది డ్యూటీ చార్టులో లేదు కాబట్టి నాకు ముందు కనిపించలేదు.

మధుసూదన్ గారితో మాట్లాడాను. ఆయన చెడ్డవారు కారు. సిబ్బంది పిల్లల పేర్లు గుర్తుపెట్టుకొని అడిగేవారు. "ఐసీయూ అంటేనే స్ట్రెస్సు మేడం. ఓపీకి మార్చేద్దాం. ఇంజెక్షన్ రూంలో కూర్చోబెట్టండి, నెలలో నవ్వుతా తిరగకపోతే నన్నడగండి," అన్నారు. నర్సుల్లో ఎవరు అలసిపోయినా వార్డు మార్చడం అన్ని ఆసుపత్రుల్లో మొదటి చికిత్స. రాజీనామా ఇచ్చినవాళ్లు ఎలాగూ నెల రోజులు నోటీసు కాలం పనిచెయ్యాలి. ఆ నెల ఓపీలో చేసి చూడమని పెంచలమ్మకు చెప్పాను. సరేనంది.

మొదటి వారంలో నేను ఓపీ ఇంజెక్షన్ గది ఎదురుగా ఉన్న బల్ల దగ్గర కూర్చొని నా పని చేసుకున్నాను. గోడ ఫోను మోగేది. అవతల ఐసీయూ. ఆమె చేతులు కడుక్కొని, జేబులో పెన్ను తీసి బల్ల మీద పెట్టి, బయలుదేరేది. ఐసీయూలో పనిచేసే రోజుల్లో వార్డు తలుపు తీసుకొని నేరుగా, రోగుల తాలూకు మనుషులు ఉండే ఎదుటి హాల్లోకి వచ్చేది. ఇప్పుడు ఓపీ నుంచి ఆ హాలు దాకా, బెంచీల మీద మనుషులు కూర్చున్న వరండా పొడవునా నడవాలి. ఆమె అడుగులకు ముందే మాటలు ఆగిపోవడం నేను విన్నాను. హాలు దగ్గర సెక్యూరిటీ మస్తానయ్య ఉంటాడు. ఆమె ఇటు వస్తుంటే మంచినీళ్ల క్యాను కుర్చీల పక్కకు జరిపేవాడు. కళ్లు తిరిగి పడతారని అతని జాగ్రత్త. రెండు రోజులు ఆ హాల్లో ఉన్నవాళ్లకు క్యాను జరిగితే దాని అర్థం తెలిసిపోయేది.

ఒక ముసలాయన, తమ్ముడికి పక్షవాతం వచ్చి తోడుండేవాడు, ఆమెను చూసి చెయ్యి అడ్డం పెట్టాడు. "అమ్మయ్యా, మా పక్కకి రాబాకు తల్లీ, అట్టే పో, అట్టే పో," అని నవ్వాడు. వేరెవరూ నవ్వలేదు. పెంచలమ్మ మాత్రం, "నీ దగ్గిరికి కాదులే తాతా, నువ్వు ఇంకా నాకు ఇడ్లీలు తెచ్చిపెట్టాల," అని జవాబు చెప్పి పక్కన నిలబడి ఉన్న ఒక కుటుంబం వైపు తిరిగింది.

వార్డు మార్చినందువల్ల ఆమె పని తేలికైంది, భారం పెరిగింది. దీన్ని ఇంకా కొనసాగించడంలో అర్థం లేదనుకొని డైరెక్టరు గారి దగ్గర సమావేశం అడిగాను. డ్యూటీ డాక్టర్లు కూడా వచ్చారు. నా ప్రతిపాదన చిన్నది. రోగిని చివర చూసిన డాక్టరే చెప్పాలి. ఆ మంచం నర్సు పక్కన ఉండాలి. ఇతర వార్డు నుంచి ఎవరినీ పిలవకూడదు. వరండాలో నిలబెట్టి చెప్పకూడదు. దుప్పట్లు పెట్టే గదిని ఖాళీ చేసి కుర్చీలు వేయిస్తే అక్కడ చెప్పవచ్చు.

ఐసీయూలో పగటి డ్యూటీ చేసే డాక్టర్ కిరణ్, చదువు పూర్తయి ఎక్కువ కాలం కానివాడు, వెంటనే లేచాడు. "మేడం, మేం చెప్తే కాలర్ పట్టుకుంటారు. ఆమె చెప్తే పట్టుకోరు. ఆమెకు అది బాగా వచ్చు కదా, మీరెందుకు మార్చాలంటున్నారు?"

బాగా వచ్చినందువల్లే ఆమె వెళ్లిపోతోందని చెప్పాను. డైరెక్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "సరే, ఒక నెల చూద్దాం. ఒక్క అద్దం పగిలినా పాత పద్ధతి," అన్నారు.

ఆ సాయంత్రం పెంచలమ్మను పిలిచి నిర్ణయం చెప్పాను. ఈ నోటీసు కాలంలో ఇక ఎవరైనా నిన్ను ఆ పనికి పంపితే నీ రాజీనామా ఆపమని నేను అడగను, పంపకపోతే ఆలోచించు అన్నాను. ఆమె నా వైపు జాలిగా చూసింది. "పిలవకుండా ఉండలేరు మేడం. మీరే పంపిస్తారు, చూస్తా ఉండండి."

కొన్నాళ్లు సజావుగానే జరిగింది. పోయినవాళ్లు వయసు మళ్లినవాళ్లు, కుటుంబాలకు ముందే తెలిసిన జబ్బులు. డాక్టర్లు దుప్పట్ల గదిలోకి వెళ్లి చెప్పి వచ్చేవారు. ఓపీ ఫోను మోగడం తగ్గింది. పెంచలమ్మ నోటీసు కాలం చివరి వారానికి వచ్చింది.

ఆ వారంలో ఒక ఉదయం రొయ్యల గుంట మీద కాపలా ఉండే మనిషిని తెచ్చారు. గుంటలో నీళ్లు చిలికే మోటారు చక్రాలకు వెళ్లే వైరు తగిలి షాకు కొట్టింది. పెళ్లయి ఎక్కువ కాలం కాని మనిషి. క్యాజువాలిటీలో గుండె మళ్లీ కొట్టుకుంది, ఐసీయూకు మార్చారు. మధ్యాహ్నం భోజనాల వేళకు పోయాడు. అప్పటికి విడవలూరు వైపు నుంచి వ్యాన్ల మీద మనుషులు వచ్చి హాలు నిండిపోయింది. డాక్టర్ కిరణ్ సంతకం పెట్టి, తలుపు దాకా వచ్చి, ఆ గుంపును చూసి ఆగిపోయాడు.

నేను ఓపీలోనే ఉన్నాను. గోడ ఫోను మోగింది. నేనే తీశాను. విజయకుమారి. "మేడం, ఈ ఒక్కసారికి. వాళ్లే ఆమెను అడుగుతా ఉండారు." నిజమే. చనిపోయిన వ్యక్తి మేనమామ, ఆ గుంపుకు పెద్ద, సెక్యూరిటీ దగ్గర నిలబడి అంటున్నాడట. "పెంచలమ్మని పిలిపించండయ్యా. మా పక్కూరి ఆడబిడ్డ, ఈడ్నే ఉంది. మీ మాటలు మాకు తెలీవు. ఆమె చెప్తే మాకు అర్థమౌతాది."

ఫోను పెట్టేలోగా డైరెక్టరు గారి సెల్లు నుంచి పిలుపు. ఆయన మాట సూటిగా ఉంది. హాల్లో చాలామంది ఉన్నారు, కొందరు తాగి వచ్చారు, ఆమెను పంపండి, రేపటి నుంచి మీ పద్ధతే. ఆ మనిషి పోయాడని మొదట ఎవరో ఒకరు సరిగ్గా చెప్పాలి కదా అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు.

పెంచలమ్మ అంతా విన్నది. చేతిలో ఉన్న ట్రే దించి, జేబులో పెన్ను తీసింది. "నేను పొయ్యొస్తా మేడం. మావోళ్లే గదా. ఇప్పుడు పోకపోతే ఊర్లో ఏమనుకుంటారు?"

ఆమె వెళ్తే ఆ రోజు గొడవ కాదు. నోటీసు అయ్యాక ఆమె మాత్రం ఉండదు. ఆమె చెప్పిందే నిజమవుతుంది. వాదించడానికి సమయం లేదు. నాకు చేతిలో ఉన్నది డ్యూటీ చార్టు ఒక్కటే.

"నీ డ్యూటీ ఇంజెక్షన్ రూం. బయట లైను ఉంది. రిలీవరు లేకుండా చోటు వదలకూడదు," అన్నాను.

"మీరుండారు గదా మేడం, మీరు చూడండి."

"నేను నీకు రిలీవరు కాదు. కూర్చో."

ఆమె కూర్చోలేదు. పెన్ను జేబులో పెట్టుకొని, తరువాతి మనిషిని లోపలికి పిలిచింది. నేను డైరెక్టరు గారికి, ఆమె డ్యూటీలో ఉందని, నేను వెళ్తున్నానని ఒక ముక్క చెప్పి ఐసీయూ వైపు నడిచాను.

డాక్టర్ కిరణ్‌కు రెండే మాటలు చెప్పాను. మీ పక్కన నేనూ, ఆ మంచం నర్సూ ఉంటాం. మాట మాత్రం మీరే చెప్పాలి. మేనమామను, ఇంకో ముగ్గురిని దుప్పట్ల గదిలోకి తీసుకురమ్మని మస్తానయ్యతో చెప్పాను. వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు.

డాక్టరు మొదలుపెట్టాడు. పేషెంటుకు కార్డియాక్ అరెస్ట్ అయిందని, తమ వంతు ట్రై చేశామని, సారీ అని చెప్పాడు.

చనిపోయిన వ్యక్తి బావమరిది, కుర్రవాడు, "అయితే ఏంది సార్, ఇంకా పెద్దాసుపత్రికి ఎత్తుకపోవాల్నా? వ్యాను ఉంది, చెప్పండి, మెడ్రాసుకైనా పోతాం," అన్నాడు.

డాక్టరు నా వైపు చూశాడు. నేను నోరు తెరవలేదు. అతను వాళ్ల వైపు తిరిగి, "లేదు. చనిపోయినాడు," అన్నాడు.

ఆ తరువాత జరిగింది డాక్టర్లు భయపడినట్టే జరిగింది. బావమరిది డాక్టరు కోటు పట్టుకొని గోడకు నెట్టాడు. "పొద్దున మాట్లాడినాడు గదరా నాతో! ఏం సూది వేసినారురా?" బయట ఆ కేక విని ఎవరో వరండాలో పూలకుండీ ఎత్తి కొట్టారు. మస్తానయ్య తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. మేనమామ ఒక్కడే కదలలేదు. కాసేపటికి కుర్రవాడి చెయ్యి పట్టి తీసేసి, డాక్టరును అడిగాడు.

"నువ్వే చూసినావా నాయనా? వాడు పోయేటప్పుడు నువ్వు ఆడ ఉండావా?"

"ఉన్నాను."

"ఏమన్నా అడిగినాడా? నొప్పి పడినాడా?"

డాక్టర్ కిరణ్ ఆలోచించి చెప్పాడు. "లేదు. పొద్దున ఇక్కడికి తెచ్చినప్పటి నుంచి తెలివి లేదు. నొప్పి తెలిసే స్థితి కాదు. నేను పక్కనే ఉన్నా. ఛాతీ మీద నేనే ఒత్తినా, చాలాసేపు. రాలేదు." పక్కనున్న నర్సు అమ్మాయి, "దాహమని గూడా అడగలేదు అన్నా. నేను కాళ్ల దగ్గరే నిలబడి ఉండా," అంది.

మేనమామ అప్పుడు కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. బావమరిది నేల మీద కూలబడ్డాడు. ఏడుపులు మొదలయ్యాయి. పోస్టుమార్టం అవసరమని, పోలీసులకు కబురు వెళ్తుందని చెప్పవలసిన మిగతా వివరాలు నేను చెప్పాను. సాయంత్రానికి హాలు ఖాళీ అయింది.

ఆ మేనమామ అడిగిన ప్రశ్న గురించి ఆ రోజు డైరీలో ఎక్కువ రాసుకున్నాను. పెంచలమ్మ వెళ్లి ఉంటే ఇంతకంటే ఎంతో బాగా చెప్పి ఉండేది. కోటు చిరిగేది కాదు, కుండీ పగిలేది కాదు. కానీ ఆయన నువ్వు ఆడ ఉండావా అని అడిగితే ఆమె దగ్గర జవాబు ఉండేది కాదు. ఆమె ఓపీలో సూదులు వేస్తూ ఉంది. ఇన్నేళ్లూ చాలా కుటుంబాలు ఆమెను ఇదే ప్రశ్న అడిగి ఉంటాయి. తరువాత ఆమెను అడిగాను. అందరూ అడిగేవారట. "నొప్పేమీ పడలేదమ్మా అని చెప్పేస్తా ఉన్నా మేడం. నేను చూసిందేముంది? అట్ట చెప్పినాక ఇంటికి పొయ్యి అన్నం ముందర కూచుంటే, అబద్ధం చెప్పినానా నిజం చెప్పినానా అని అదే తిరగతా ఉండేది." ఆమెను తిప్పలు పెట్టింది చావు కబురు కాదు. చూడని చావు కబురు.

డాక్టర్ కిరణ్ ఆ సాయంత్రం నా గదిలోకి వచ్చాడు. చిరిగిన కోటు చేతి మీద వేసుకున్నాడు. నీళ్లు అడిగి తాగాడు. "ఇది అయినాక ఏం చెయ్యాలి మేడం? అట్నే పోయి తరువాతి బెడ్డు చూడాలా?" అని అడిగాడు. అతనికీ ఇంటి దగ్గర మాట్లాడే యాస ఒకటి ఉందని అప్పుడే తెలిసింది. ఆ ప్రశ్నకు నా దగ్గర నియమం లేదు. పెంచలమ్మ అన్నేళ్లూ చెప్పి వచ్చి అలాగే తరువాతి బెడ్డు చూసింది. కబురు చెప్పి వచ్చినవారికి, డాక్టరైనా నర్సైనా, అరగంట వేరొకరు పని చూడాలని మరుసటి వారం డైరెక్టరు గారితో రాయించాను. ఆ అరగంటను ఏ పద్దు కింద చూపాలని మధుసూదన్ గారు అడిగారు. డ్యూటీ కిందనే చూపమన్నాను.

డైరెక్టరు గారు పద్ధతిని రద్దు చెయ్యలేదు. వరండా అంతా ఒకసారి చూసి, "పగిలింది కుండీ. నేను అన్నది అద్దం," అని తన గదిలోకి వెళ్లారు.

నోటీసు కాలం చివరి రోజు పెంచలమ్మ వచ్చింది. ముందుగా ఊరి సంగతి చెప్పింది. ఆ మనిషి మూడో రోజు చిన్నదినానికి ఆమె వెళ్లిందట. పిలిస్తే రాలేదని ఆడవాళ్లు కొందరు మొహం తిప్పుకున్నారట.

"నువ్వేమన్నావు?"

"మా సూపరింటెండెంటు రాక్షసి, పంపలేదని చెప్పినా మేడం."

మంచి పని చేశావన్నాను. ఆ మాటకు నవ్వింది. ఆ నెలంతా ఓపీలో ఉన్నా ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే. రాజీనామా వెనక్కి తీసుకుంటానంది. దానికి రెండు షరతులు పెట్టింది.

"నన్ను మళ్లీ ఐసీయూకి వెయ్యండి. నా పేషెంటు పోతే డాక్టరు పక్కన నేనే నిలబడతా, నాకేం భయం లేదు. వేరేవాళ్ల పేషెంటుకు మాత్రం నన్ను పిలవబాకండి."

మధుసూదన్ గారు నమ్మలేదు. "ఐసీయూలో పని రెండింతలు కదమ్మా?" అన్నారు.

"పనే గదా సార్," అంది.

డ్యూటీ చార్టులో ఆమె పేరు ఐసీయూకు మార్చి సంతకం చేశాను. నేను ఆ ఆసుపత్రి వదిలేనాటికి ఆమె అక్కడే పనిచేస్తూ ఉంది. అందరూ ఉండలేదు. డాక్టర్ కిరణ్ పై చదువుకు వెళ్లాడు. నర్సులు కొందరు గల్ఫుకు, కొందరు పెళ్లిళ్లకు, కొందరు జీతం ఎక్కువ ఇచ్చే చోట్లకు వెళ్లారు. రాజీనామాలు పూర్తిగా ఆగే ఆసుపత్రి నాకు తెలిసి లేదు.

ఆ ఏడు నేను నేర్చుకున్నది ఇది. ఒక నర్సు పోతానంటే గంటలు, జీతం, వార్డు, ఈ మూడూ చూడటం మాకు అలవాటు. అవి చూడవలసినవే. వాటితో పాటు, ఆమెను ఇంకెవరు ఏ పనికి పిలుస్తున్నారో చూడాలి. ఒక కష్టమైన పనిని ఒక మనిషి బాగా చేస్తే, మిగతావాళ్లంతా దాన్ని ఆమె గుణంగా లెక్కవేసి ఆమెకు వదిలేస్తారు. గుణానికి చార్టులో వరస ఉండదు, సెలవు ఉండదు, రిలీవరు ఉండరు. దాన్ని పనిగా గుర్తించి చార్టులోకి ఎక్కించాలి, ఆ పని ఎవరిదో వారి చేత చేయించాలి. అలా చేస్తే కొన్నిసార్లు పని మునుపటికంటే కొంత చెడుగా జరుగుతుంది. దానికి ఆసుపత్రి సిద్ధంగా ఉండాలి.